డేగబాబు అక్క

టాటానగర్ స్టేషన్‌లో జనం దిగిపోయాక ఖాళీ బండిని కడగడానికి పక్క లైన్లోకి తోస్తారు. ఆ లైన్లో ఇరవై ఆరేళ్ళు పెట్టెలు ఊడ్చిన మనిషి అసిరయ్య. టెక్కలి దగ్గరి పల్లె నుంచి మొదట ఖరగ్‌పూర్ వెళ్ళి రెండేళ్ళు ఖలాసీగా చేశాడు. అక్కణ్ణుంచి టాటాకి బదిలీ అయి, బాగ్‌బేరా రైల్వే కాలనీలో ఒక గది, ఒక వసారా ఉన్న క్వార్టరులో చేరాడు. పెళ్ళాం జానకి పెళ్ళయిన ఆరో ఏట పచ్చకామెర్లతో పోయింది. పిల్లలు లేరు. మళ్ళీ చేసుకోమన్నవాళ్ళకి "సూద్దాంలే" అని చెప్పి, చూడకుండానే యాభయ్యో పడిలో పడ్డాడు.

బెంచీల కింద చీపురు పెట్టి లాగితే వేరుశనగ తొక్కలు, బీడీ ముక్కలు, ఒంటి చెప్పులు, పాలసీసా మూతలు వచ్చేవి. విలువైనదేదైనా దొరికితే ఆఫీసులో అప్పగించాలి. చిరిగిన పుస్తకాల్ని మాత్రం ఎవరూ అడగరు. హౌరా వైపు నుంచి వచ్చే బళ్ళలో బెంగాలీ బొమ్మల పుస్తకాలు దొరికేవి. కొన్నిటికి అట్ట ఉండేది కాదు, కొన్నిటికి నడుమ నాలుగు పేజీలు ఉండేవి కావు, అన్నిటికీ పూరీకూర మరకలు ఉండేవి. వాటిలో ఎక్కువగా కనిపించేది, మొహానికి నీలం గుడ్డ కట్టుకుని భుజం మీద డేగతో తిరిగే ఒక వీరుడి కథ. బెంగాలీలో అతని పేరు నీల్ బాజ్. అసిరయ్య నోట అతను డేగబాబు అయ్యాడు.

డెబ్బై అయిదు చివర్లో ఒక ఆదివారం, డ్యూటీ దిగి వచ్చి వసారాలో పుస్తకం తిరగేస్తుంటే పక్క క్వార్టరు అప్పలసూరి వచ్చి కూర్చున్నాడు. పార్సిల్ ఆఫీసులో బస్తాలు మోసేవాడు. మనిషీ గొంతూ రెండూ పెద్దవే.

"నీకు బెంగాలీ సదవడం వచ్చేటి మావా?"

"ఖరగ్‌పూర్లో రెండేళ్ళున్నాను కదరా."

అది జవాబు కాదు. కానీ అప్పలసూరి జవాబుగానే తీసుకున్నాడు. "అయితే సెప్పు, ఈడెవుడు? ఈ పిట్టేటి?" అన్నాడు. అసిరయ్య చెప్పాడు.

అతని తండ్రి పోలరాజు ఊరూరా జముకుల కథ చెప్పేవాడు. వెనక నిలబడి వంత పాడినవాడు అసిరయ్యే. తండ్రి పోయాక జముకు చూరున వేలాడి వేలాడి తోలు చిట్లిపోయింది. కథ ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో మాత్రం అతనిలో అలాగే ఉండిపోయింది. బొమ్మ చూస్తే చాలు, దాని ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరగాలో తోచేది. పేజీలు పోయినచోట ఇంకా సులువు. రెండు నెలలు తిరిగేసరికి ఆదివారం మధ్యాహ్నాలు ఆ వసారాలో పాతికమంది కూర్చునేవారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే అందరూ. సీతారాండేరా నుంచి ఒకాయన సైకిలు మీద వచ్చేవాడు. ఇంట్లో తెలుగు, బయట హిందీ మాట్లాడే జనం. బెంగాలీ చదివేవాళ్ళు వాళ్ళలో లేరు.

అసిరయ్య పుస్తకాన్ని ఛాతీకి ఆనించి, బొమ్మలు జనం వైపు తిప్పి పట్టుకుని, మెడ వంచి పైనుంచి చూస్తూ చెప్పేవాడు. చదివేవాడు పుస్తకాన్ని తన వైపు పెట్టుకుంటాడని అన్నేళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

పైడమ్మది అతని ఎడమ పక్క క్వార్టరు. డ్రైవర్లు దిగి నడుం వాల్చే రన్నింగ్ రూములో గిన్నెలు తోమే ఉద్యోగం, మొగుడు పోయాక వచ్చింది. తల్లి లేని తమ్ముడు సూర్యాన్ని ఎత్తుకుని పెంచింది ఆమే. ఊరి నుంచి తెచ్చి, కంట్రాక్టు పనిలో పెట్టించింది. డెబ్బై ఆరు వానల్లో, ఇరవై రెండేళ్ళవాడు, అక్కతో ఏదో మాటా మాటా వచ్చి ఇంట్లోంచి వెళ్ళి, ఏ బండి ఎక్కాడో ఎక్కాడు. ఏం మాటని కాలనీలో ఎవరడిగినా పైడమ్మ చెప్పలేదు. రెండు ఆదివారాలు ఆమె కథకి రాలేదు. మూడో ఆదివారం వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

ఆ రోజు చెప్పిన పుస్తకం చివరి బొమ్మలో గుడిసె ముందు ఒక ఆడమనిషి ఉంది. ఒక చేతిలో లాంతరు, ఒక చేతిలో గిన్నె. డేగబాబు ఆ గిన్నె అందుకుంటున్నాడు. పాత పుస్తకాల్లో కూడా ఆమె ఒకటి రెండుసార్లు కనిపించింది. దారిన పోయే మనిషి అని దాటేశాడు అసిరయ్య. ఈసారి నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఈవిడెవరనుకున్నారు? డేగబాబు అక్క. పెంచి పెద్ద సేసిన అక్క. గుడ్డ కట్టుకున్నాడు కదా, ఆనవాలు పట్టనేదు. ఎవరో బాటసారి అనుకుని అంబలి పోసింది. ఈడికి తెలుసు. తెలిసీ సెప్పడు. సెప్తే శత్రువులు అక్క మీద పడతారని బయం. అందికే పని మీద ఎటెల్లినా ఈ దారంట వత్తాడు. అంబలి తాగుతాడు. అక్క బాగుందని సూసుకుంటాడు. ఎల్లిపోతాడు."

ముందే అనుకుని చెప్పిన మాట కాదది. పైడమ్మ వైపు చూడకుండా చెప్పాడు. కథ అయ్యాక ఆమె లేచి వెళ్ళిపోయింది. కానీ మర్నాడు తెల్లవారి, డ్యూటీకి పోతూ అతను చూసేసరికి, ఆమె గుమ్మం పక్కన మూత పెట్టిన సత్తుగిన్నె ఉంది. ఏమిటని అడగబోయి, అర్థమై, నడిచిపోయాడు. ఆ గిన్నె ఏడేళ్ళు అక్కడ ఉంది. ఏ భిక్షగాడో, ఏ కుక్కో తాగిపోయేది. ఖాళీ అయిన గిన్నెని పైడమ్మ నవ్వుమొహంతో కడుక్కునేది.

నాలుగో ఏడు ఊరి నుంచి పెద్దల ఉత్తరం వచ్చింది. మనిషి జాడ లేదు కాబట్టి గడ్డిబొమ్మ కట్టి దినం చేసేయమని, లేకపోతే ఇంటికి మంచిది కాదని. వెంకటరావు అనే కుర్ర గుమాస్తా, స్టేషన్లో టైపు కొట్టేవాడు, చదివి వినిపించాడు. పైడమ్మ ఉత్తరం మడిచి పొయ్యిలో పెట్టింది. "బతికున్నోడికి దినమేటి!" అంది. ఆ ఆదివారం కథలో డేగబాబు అక్క కోసం చీర తెచ్చి చెట్టుకొమ్మకి వేలాడదీసి పోయాడు.

అసిరయ్యకి భయం అప్పుడప్పుడూ వేసేది. కొత్త పుస్తకం దొరికితే జనం ముందు విప్పేలోపు తానొక్కడే చివరి పేజీ చూసుకునేవాడు. ఆ ఆడమనిషి చచ్చిపోయిందేమో, ఎక్కడైనా డేగబాబుతో తగువు పడిందేమోనని. రెండు పుస్తకాలు అలా చూసి, రైలు పట్టాల పక్క చెత్తలో వేసి కాల్చేశాడు. బొమ్మల్లో డేగబాబు ఆమె జుట్టు పట్టుకుని ఉన్నాడు.

ఎనభై మూడులో బొంబాయివాళ్ళు ఆ పుస్తకాన్ని హిందీ సినిమాగా తీశారు. అది జుగ్సలాయి హాలుకు వస్తోందని తెలిసిన రోజు బాగ్‌బేరాలో మూడు లైన్ల తెలుగిళ్ళలో వేరే మాట లేదు. మన డేగబాబు సినిమా అట, అన్నారు. పద్నాలుగు మందికి టిక్కెట్లు తెచ్చినవాడు అప్పలసూరి. అతని తల్లి నూకమ్మ, డెబ్బై ఏళ్ళది, సినిమా హాలు గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి, తలంటుకుని బయలుదేరింది. పైడమ్మ పెట్టె అడుగు నుంచి పట్టంచు చీర తీసింది.

"కడుపులో బాగునేదు, నాను రాను" అన్నాడు అసిరయ్య.

"నువ్వు రాకపోతే మాకు సెప్పేదెవరు మావా? హీరో పెళ్ళికి హీరో తండ్రి రానట్టుంటాది" అని అప్పలసూరి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు.

హాలు నిండా బెంగాలీ కుర్రాళ్ళు. నీలం రుమాళ్ళు మొహాలకి కట్టుకుని వచ్చారు. తెర మీద పేరు పడగానే ఈలలు. డేగ ఎగిరి వచ్చి భుజం మీద వాలేసరికి ముందు వరసలో ఒకడు లేచి, అది బాజ్ కాదు, చీల్ అని అరిచాడు. "గుంటడు నిజమే అన్నాడే! అది గెద్ద. మా ఊరి గెద్ద" అంది నూకమ్మ. తెలుగు వరసంతా నవ్వింది.

అసిరయ్య నవ్వలేదు. ఏడేళ్ళు చేతుల్లో నలిగిన బొమ్మలు ఒక్కొక్కటే లేచి తిరుగుతున్నాయి, మాట్లాడుతున్నాయి. తాను ధాన్యపు కొట్టు అని చెప్పింది జైలు. పెళ్ళి ఊరేగింపు అని చెప్పింది దోపిడీ. అదా సంగతి, అదా సంగతి అని లోపల ఒక మనిషి ఆశ్చర్యపోతున్నాడు. ఇంకో మనిషి మాత్రం లాంతరు కోసం చూస్తున్నాడు.

లాంతరు వచ్చింది. ముందు వరసల్లో "లంఠన్ మాసీ! లంఠన్ మాసీ!" అని, లాంతరు పిన్నీ అని, కేకలు. తెలుగు ఆడవాళ్ళు ముందుకు వంగారు. నూకమ్మ పైడమ్మ మోచేతిని పొడిచింది. తెర మీద ఆడమనిషి గిన్నె ఇచ్చింది. నీలం గుడ్డ కట్టుకున్నవాడు అందుకున్నాడు, వాసన చూశాడు, నేల మీద ఒలకబోశాడు. ఒలికినచోట గడ్డి పొగలు కక్కి నల్లబడింది. అతను ఆమె జుట్టు పట్టుకుని ఈడ్చాడు. పదేళ్ళుగా దొంగలకు కబురు మోసి, మంచివాళ్ళకి విషం పోసిన మనిషి ఆమేనట.

బెంగాలీ కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి ఆ ఘడియ కోసమే కాచుకున్నట్టున్నారు. కుర్చీల మీదెక్కి చప్పట్లు కొట్టారు. వెనక తెలుగు వరసలో నూకమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మా, అక్కని పట్టుకుని! ఒరే, అది నీ అక్కరా, సచ్చినోడా!" అని తెర మీది మనిషితో అరిచింది. ముందు వరస కుర్రాడు వెనక్కి తిరిగి, "మాయీ, చుప్!" అన్నాడు.

పైడమ్మ కదల్లేదు. పట్టంచు కొంగు నోట్లో కుక్కుకుని తెర వైపే చూస్తోంది.

సినిమా అయ్యాక అందరూ తిరుగుదారిన రైలుగేటు దాకా వచ్చారు. గేటు దగ్గర గూడ్సు అడ్డం వచ్చి ఆగాక అప్పలసూరి పేలాడు.

"బొంబాయోల్లకి అక్కంటే తెల్దు, సెల్లంటే తెల్దు! అంత మంచి పుస్తకాన్ని పాడు సేసి పారేసినారు. కాదేటి మావా?"

అందరూ అసిరయ్య వైపు తిరిగారు. పైడమ్మ కూడా. చీకటి పడలేదింకా. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వాటిలో ఆ ఒక్క ప్రశ్నే ఉంది.

"కాదేటి అసిరన్నా? పుస్తకంలో అలగ నేదు కదా?"

"నేదు" అన్నాడు అసిరయ్య. "పుస్తకంలో అలగ నేదు."

అక్కడితో పోతే పోయేది. కానీ అప్పలసూరికి కోపం వస్తే ఊరుకునే రకం కాదు. సినిమా తీసినవాళ్ళకి, హిందీ సినిమా పత్రికకి ఉత్తరం రాయాలన్నాడు. బాగ్‌బేరా తెలుగువాళ్ళ తరఫున, అందరి సంతకాలతో. రాసే పని వెంకటరావుకి పడింది.

"కోపం వచ్చిందని రాస్తే చించి పారేస్తారు భయ్యా, సబూత్ కావాలి, రుజువు" అన్నాడు వెంకటరావు. "అసిరయ్య మావ ఆ పేజీ పట్టుకుని, ఏ మాట ఎక్కడుందో వరసగా చదివి చెప్తే, నేను హిందీలో దింపి జత చేస్తాను."

"నాకు కళ్ళు ఆనడం నేదురా. మసక" అన్నాడు అసిరయ్య.

"దాందేముంది!" అన్నాడు అప్పలసూరి. "మా ఆఫీసులో తరఫ్‌దార్ బాబున్నాడు. బెంగాలీ. ఆదివారం పిలుచుకొత్తాను. సదివి పారేత్తాడు."

ఆదివారానికి నాలుగు రోజులుంది. శుక్రవారం డ్యూటీ మధ్యలో, చేతులకి ఫినాయిలు వాసనతోనే, అసిరయ్య పార్సిల్ ఆఫీసుకి వెళ్ళాడు. తరఫ్‌దార్ బాబు లావుపాటి అద్దాలు పెట్టుకుని, చేపల బుట్టలకి చీటీలు అంటిస్తున్నాడు. మాటలు హిందీలో సాగాయి. అసిరయ్య ముందు పెళ్ళాం సంగతి, తర్వాత ఖరగ్‌పూర్ సంగతి చెప్పి, ఎలా మొదలెట్టాలో తెలియక, చివరికి పుస్తకం బల్ల మీద పెట్టాడు.

ఆయన మొహం వెలిగింది. "నువ్వూ చదువుతావా? నేను మొదటి సంచిక నుంచీ కొంటున్నాను. మా అమ్మాయి, నేను కొట్టుకు చస్తాం ఎవరు ముందు చదవాలని. సినిమా చూశావా? అక్షరం పొల్లు పోకుండా తీశారు. ఒక్క తప్పు. రుమాలు ముడి పుస్తకంలో ఎడమ చెవి కింద ఉంటుంది. వాళ్ళు కుడివైపు వేశారు. అది క్షమించలేను."

"బాబూ, నాకు చదవడం రాదు" అన్నాడు అసిరయ్య.

తర్వాత అంతా చెప్పాడు. సూర్యం సంగతి, అక్క సంగతి, గుమ్మం పక్క గిన్నె సంగతి. చెబుతుంటే అలవాటు కొద్దీ గొంతు తగ్గించాల్సిన చోట తగ్గింది. తరఫ్‌దార్ బాబు జిగురు పుల్ల చేత్తో అలాగే పట్టుకుని విన్నాడు. జిగురు ఎండిపోయింది.

"ఆదివారం మీరొచ్చి, ఆమె అక్క అని చదవండి. ఆ ఒక్క మాటా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. "ఆ పుస్తకంలో లేని మాట ఉన్నట్టు చదవలేను అసిరయ్యా. నా వల్ల కాదు. రాకుండా ఉండగలను. జ్వరమని చెబుతాను. అంతే నేను చేయగలిగేది."

అదే చాలనుకున్నాడు అసిరయ్య. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం, ఉతికిన లాల్చీ వేసుకుని, చంకలో మూడు బైండు పుస్తకాలు పెట్టుకుని, తరఫ్‌దార్ బాబు వచ్చాడు. అసిరయ్య మొహం చూడకుండా వసారా ఎక్కాడు. ఎక్కుతూ, అతనికి మాత్రమే వినబడేలా హిందీలో అన్నాడు: "పుస్తకాన్ని పాడు చేశారని ఉత్తరం రాస్తారట కదా. అందులో మా పుస్తకం పేరుతో లేని మాట పెడతారట. రాత్రంతా నిద్ర పట్టలేదు. అది జరగనివ్వలేను. మన్నించు."

ముప్ఫైమందికి పైగా ఉన్నారు. పైడమ్మ మొదటి వరసలో ఉంది. ఆయన బైండు విప్పాడు. పేజీలన్నీ ఉన్న పుస్తకాన్ని ఆ జనం చూడటం అదే మొదలు. పుస్తకాన్ని కళ్ళకి దగ్గరగా, తన వైపు తిప్పుకుని పట్టుకున్నాడు. జనానికి నల్లని అట్ట తప్ప ఏమీ కనబడలేదు.

"బొమ్మలు ఇటు తిప్పండి బాబూ" అంది నూకమ్మ.

వెంకటరావు హిందీలో చెప్పాడు. ఆయనకి అర్థం కాలేదు. "అటు తిప్పితే నేనెలా చదవను?" అన్నాడు.

ఆ మాట తెలుగులోకి ఎవరూ మార్చలేదు. వెంకటరావు మెల్లగా తల తిప్పి అసిరయ్య వైపు చూశాడు. తర్వాత అప్పలసూరి చూశాడు. ఆ తర్వాత అందరూ.

తరఫ్‌దార్ బాబు చదివాడు. మంచి చదువరి కాడు, నత్తినత్తిగా, ఒక్కో మాటకి హిందీ మాట వెతుక్కుంటూ చదివాడు. డేగబాబు తల్లి, తండ్రి, తోడబుట్టినవాళ్ళు మొదటి పుస్తకంలోనే నిప్పులో పోయారు. అతనికి ఎవరూ లేరు. లాంతరు మనిషి పేరు కూడా ఉంది, దొంగల నాయకుడి దగ్గర పనిచేసేది.

"ఉస్ కటోరే మేఁ క్యా హై బాబూ?" అంది పైడమ్మ. ఆ గిన్నెలో ఏముందని. ఏడేళ్ళలో ఆ వసారాలో ఆమె గొంతు విప్పి అడిగిన మొదటి ప్రశ్న.

ఆయన పుస్తకంలోకే చూస్తూ చెప్పాడు. "జహర్."

అది మార్చి చెప్పనక్కర్లేని మాట.

అప్పలసూరి లేచాడు. "ఏటి మావా ఇది? ఏడేళ్ళు! ఏడేళ్ళు మా సెవుల్లో పువ్వులెట్టేవు! నాను హాల్లో ఆ పోరగాల్లతో కొట్లాటకి దిగబోనాను నీ మాట నమ్మి!"

"నాకు సదవడం రాదురా" అన్నాడు అసిరయ్య. "బెంగాలీయే కాదు. తెలుగూ రాదు."

"మరి సెప్పొచ్చు కదా!"

"సెప్పొచ్చు."

నూకమ్మ కొడుకుని కసిరింది. "ఊరుకోరా. ఏటంత కొంప మునిగింది? మంచి కతే కదా సెప్పేడు." అప్పటికే వెనక వరస లేస్తోంది. సీతారాండేరా ఆయన సైకిలు స్టాండు తీసిన చప్పుడైంది. తరఫ్‌దార్ బాబు పుస్తకాలు సర్దుకుని, ఎవరికి చెప్పాలో తెలియక గోడకి నమస్కారం పెట్టినట్టు పెట్టి దిగిపోయాడు. పైడమ్మ ఎప్పుడు లేచి వెళ్ళిందో అసిరయ్య చూడలేదు.

మర్నాడు సాయంత్రం ఆమే వచ్చింది. గడప బయట నిలబడింది.

"సూర్యానికి అంబలంటే పడదు అసిరన్నా. పుల్లటి వాసనని ముక్కు మూసుకునేవోడు. నువ్వు అంబలన్నావని అంబలెట్టేను."

అసిరయ్య లేచి గడప దగ్గరికి వచ్చాడు.

"దినం సేత్తాను. దాసరికి కబురెట్టేను. బేస్తవారం."

"అదేటి పైడమ్మా! పుస్తకం అబద్దమయితే మనిషి పోయినట్టేనా? ఆ పుస్తకానికీ సూర్యానికీ సంబందమేటి?"

"సంబందమున్నాదని నువ్వే కదా అన్నావు." ఆమె గొంతులో కోపం లేదు. లెక్క సరి చూసుకుంటున్న మనిషిలా అంది. "ఎవుడో రాసినాడు కదా అనుకున్నాను. తెలిసినోడు, సదువుకున్నోడు. అంటే లోకంలో ఎక్కడో ఇలాటిది జరుగుతాది గావాల, రాసినాడంటే. అలగనుకునే ఏడేళ్ళు ఆగేను. ఇప్పుడు సూత్తే, నువ్వు నా మొకం సూసి సెప్పేవు. జాలిపడి. జాలి మీద ఎన్నాళ్ళు ఆగుతాం అన్నా?"

"తప్పయిపోయింది."

"తప్పని అననేదు. ఆ ఏడేళ్ళు నాను అన్నం తిన్నాను." వెళ్ళబోతూ అంది. "బేస్తవారం రా. మగదిక్కు అప్పలసూరి నిలబడతానన్నాడు. నువ్వూ రా."

గురువారం పొద్దున్న ఖర్కాయి నది ఒడ్డున అయిదుగురున్నారు. పైడమ్మ, అప్పలసూరి, నూకమ్మ, దాసరి, అసిరయ్య. దాసరి బర్మామైన్స్ నుంచి వచ్చాడు, తొందరలో ఉన్నాడు, ఇంకోచోట పని ఉందట. గడ్డిని మనిషంత కట్టగా కట్టి, తెల్లగుడ్డ చుట్టాడు. తల దగ్గర కట్టు సరిగా నిలవక రెండుసార్లు విప్పి కట్టాడు. అప్పలసూరి నిప్పు పెట్టాడు. గడ్డి కాబట్టి ఎంతసేపూ పట్టలేదు. నది అవతల కార్ఖానా పొగ పెద్దది. ఈ పొగ అందులో ఏదో తెలియలేదు.

స్నానాలయ్యాక దాసరి విస్తరాకు పరిచాడు. పోయినవాడికి ఇష్టమైనవి పెట్టాలి. "ఏటిష్టం ఆడికి?" అన్నాడు.

అప్పలసూరి అలవాటు కొద్దీ అసిరయ్య వైపు చూశాడు. సూర్యం గురించి అసిరయ్యకి తెలిసింది చాలా తక్కువ. పొడుగ్గా ఉండేవాడు. ఎడమచేత్తో బీడీ తాగేవాడు. ఒకసారి తనకి బియ్యం బస్తా మోసిపెట్టాడు. ఆ మూడు ముక్కల పక్కన నాలుగో ముక్క పెట్టడం ఇంతకుముందైతే అతనికి క్షణం పని. నోరు తెరిచి, మూసుకున్నాడు.

"నాకు తెల్దు" అన్నాడు.

"పకోడీ" అంది పైడమ్మ. "ఉల్లిపాయ పకోడీ. స్టేషన్ బయట బండి మీదివి. ఇంట్లో సేత్తే తినడు, నూనె మంచిదని ఎక్కిరించేవోడు."

తేలేదని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. పరవాలేదు, పేరు చెప్పావు కదా, చాలు అన్నాడు దాసరి. ఆకులో అన్నం, అరటిపండు పెట్టి, మంత్రం చదివి, గుడ్డలు మార్చుకుని, సంచీ సైకిలుకి తగిలించుకుని వెళ్ళిపోయాడు. అప్పలసూరి డ్యూటీ వేళయిందని తల్లిని లేవదీశాడు. పైడమ్మ లేవలేదు. మీరు పదండి, వత్తాను అంది. అసిరయ్యకి ఉండాలో పోవాలో తెలియలేదు. కొంచెం దూరంలో, రాయి మీద కూర్చున్నాడు.

నది మెల్లగా పోతోంది. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. అతని వైపు చూసి కాదు, నీళ్ళ వైపు చూసి.

"ఆ రోజు పిల్లనిచ్చేవోల్లు వచ్చినారు. టెల్కో నుంచి. నలుగురు. ఈడు తిన్నగా కూకోకుండా, పిల్ల నల్లగుంటాదట కదా అన్నాడు, ఆల్ల ముందే. నా సేతిలో గరిటుంది. పులుసు కలుపుతన్నాను. ఆ గరిటితోనే కొట్టేసినాను, ఇక్కడ, సెంప మీద. వేడి గరిటి. ఇరవై రెండేళ్ళ మనిషిని. ఆల్లందరూ సూత్తన్నారు. ఆడు నన్నేటీ అననేదు. పులుసు తుడుసుకున్నాడు. సెప్పులేసుకున్నాడు."

ఆమె ఆగింది. తర్వాత మాట ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు నీళ్ళలోకి చూస్తోంది. తండ్రి వెనక నిలబడి వంత పాడిన రోజుల నుంచీ అసిరయ్య ఎంత ఆగాక గొంతు కలపాలో తెలిసిన మనిషి. ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగి, మెల్లగా, "ఊఁ" అన్నాడు.